పిల్లి ఒళ్ళు పిల్లిది

పిల్లలూ! మీ ఇంట్లో కుక్కో, పిల్లో, గాజుతొట్టిలో నాలుగు చేపలో, పెరట్లో ఒక ఆవో ఉండే ఉంటుంది. లేకపోతే పక్కింట్లోనైనా ఉంటుంది. జంతువులను పెంచేవాళ్ళు ఇద్దరు ఒకచోట కలిశారంటే ఇక మాటలకు కొదవ ఉండదు. "మాది రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదండీ" అని ఒకరంటారు. "మా జిమ్మీకీ ఇలాగే అయితే వామునీళ్ళు పట్టించాం, మర్నాటికల్లా లేచి తిరిగింది" అని రెండోవారంటారు. ఎప్పుడైనా పశువుల ఆస్పత్రి వరండాలో ఒక అరగంట కూర్చుని చూడండి. లోపల ఉన్న డాక్టరుగారు ఒక్కరే. వరండాలో పదిమంది డాక్టర్లు!

నేనీ మాట ఎగతాళికి అనడం లేదు. పశువుల ఆస్పత్రి లేని ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఉన్నచోట కూడా, అర్ధరాత్రి ఆవు ఈనలేక అవస్థపడుతూంటే ముందుగా పరుగెత్తుకొచ్చేది ఎదురింటి తాతగారే. అనుభవం ఉన్నవారి మాటకు విలువ ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ సలహాల బుట్టలో బంగారమూ ఉంది, విషమూ ఉంది. రెండూ ఒకే ధీమాతో, ఒకే ప్రేమతో మన చెవిన పడతాయి. "మా ఇంట్లో చేశాం, పనిచేసింది" అనే మాట రెండింటికీ తోకలా ఉంటుంది. మరి ఏది ఏదో తెలిసేదెలా? పెద్దలు చెప్పారు కనుక నమ్మాలనేవారు కొందరు. పుస్తకంలో లేదు కనుక పారెయ్యాలనేవారు కొందరు. ఈ రెండు పద్ధతులూ నాకు నచ్చవు. నా ఉద్దేశంలో ప్రతి సలహానూ రెండు ప్రశ్నలు అడగాలి. ఇది ఎవరి ఒంటిమీద చూసి చెప్పిన మాట? చేసిన ఎంతసేపటికి ఫలితం కనబడుతుంది?

ముందు బంగారం సంగతి చూద్దాం. జొన్న పండే ఊళ్ళలో ఏ రైతునడిగినా ఒక మాట చెబుతాడు. లేత జొన్నలో, నీరందక వాడిన జొన్నలో, పైరు కోశాక మోళ్ళ నుంచి లేచిన పిలకల్లో పశువును వదలకూడదు. వదిలితే 'నాము' తగులుతుంది. పల్లెటూరి పిల్లలకు ఈ మాట తెలిసే ఉంటుంది. అది మేసిన పశువు కాసేపటికే ఊపిరాడక ఎగరొప్పుతుంది. కాళ్ళు తడబడి కూలబడుతుంది. ఒక్కొక్కప్పుడు నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. రైతులకు సంగతి తెలిసిన చాలాకాలానికిగాని రసాయన శాస్త్రం కారణం చెప్పలేకపోయింది. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు అది విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. ఒంట్లోని కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా సయనైడ్ అడ్డుపడుతుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉంటుంది, కాని కణాలకు అది అక్కరకు రాదు! పైరు ముదిరేకొద్దీ ధురిన్ తగ్గిపోతుంది. అందుకే ముదిరిన జొన్నచొప్పను అదే పశువు హాయిగా నములుతుంది.

ఈ సలహా ఎంత నిక్కచ్చిగా ఉందో చూశారా! "జొన్న చెడ్డది" అని గంపగుత్తగా చెప్పలేదు. ఏ వయసు పైరు, ఏ పరిస్థితిలో ఉన్నది అన్నది విడదీసి చెప్పింది. పశువును చూసి, పశువు గురించి చెప్పిన మాట ఇది. మేసిన కొద్దిసేపటికే ఫలితం కనబడింది కనుక కారణం ఏమిటో వెతుక్కోనక్కరలేదు, పక్కనే ఉంది. ఎన్ని ఊళ్ళలో ఎందరు రైతులు తమ ఎద్దులను పోగొట్టుకొని ఈ పాఠం నేర్చుకొన్నారో! నా రెండు ప్రశ్నలకూ ఇది సూటిగా జవాబు చెబుతుంది.

ఇక మొదటి ప్రశ్న విషయానికి వద్దాం. జంతువుల గురించి మనం వినే సలహాల్లో చాలా భాగం జంతువును చూసి చెప్పినవి కావు. మన ఒంటిని చూసుకొని, దానికీ అంతేనని అనుకొని చెప్పినవి. మనకూ వాటికీ ఎంత తేడా ఉందో చూడండి. మిరపకాయ కొరికితే మనకు కళ్ళవెంట నీళ్ళు వస్తాయి. చిలక మాత్రం ఇష్టంగా తింటుంది. మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం మన నరాల చివర ఉండే ఒక గ్రాహకాన్ని తాకి మంట పుట్టిస్తుంది. 2002లో డేవిడ్ జూలియస్, ఆయన సహచరుడు కోడిలోని ఇదే గ్రాహకాన్ని పరీక్షించి, అది కాప్సైసిన్‌కు చలించదని చూపారు. (మంట గురించి, వేడి గురించి చేసిన పరిశోధనలకే జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకొన్నారు.) పక్షులకు మిరప కారం తగలదన్నమాట. అయితే చిలకకు మిరపకాయ పెట్టాలనిపిస్తే చెట్టుమీది చిలకకే పెట్టండి. మన దేశపు చిలకలను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఒంటి వేడి సంగతి కూడా అంతే. కుక్కను నిమిరి "అయ్యో, ఒళ్ళు కాలిపోతోంది, జ్వరం!" అని కంగారుపడేవారిని మీరు చూసే ఉంటారు. మన ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. మన అరచేతికి అది ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. కోడికైతే 106 డిగ్రీలు మామూలే. మనకు 106 వస్తే ఆస్పత్రికి మోసుకుపోతారు. కోడి అదే వేడితో గింజలు ఏరుకొంటూ దర్జాగా తిరుగుతుంది!

చేతితో జ్వరం కనిపెట్టడంతో ఆగితే నష్టం లేదు. ఆ తర్వాత మాత్ర వస్తుంది. "చిన్నపిల్లలకు ఇచ్చేట్టు సగం పారాసిటమాల్ బిళ్ళ పాలల్లో కలిపి పట్టించండి, తగ్గిపోతుంది" అని పక్కింటివారు చెబుతారు. కుక్కకైనా డాక్టరు చెప్పకుండా ఇది ప్రమాదమే. పిల్లికైతే ప్రాణాంతకం. ఎందుకో వివరంగా తెలుసుకొందాం. మనం మింగిన పారాసిటమాల్ పని అయిపోయాక, కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లం వంటి పదార్థాలను తగిలించి నీటిలో కరిగేట్టు చేస్తుంది. అది మూత్రంలో బయటికి పోతుంది. ఈ తగిలించే పనికి ఒక ఎంజైము కావాలి. పిల్లిలో ఆ ఎంజైము పనిచేయదు. తరతరాలుగా మాంసమే తిని బతికిన జాతి కావడంతో, మొక్కల్లోని విషాలను విరిచే ఈ ఏర్పాటు అవసరం లేక పోయి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఎలా పోయినా, ఫలితం ఒకటే. బయటికి పోవలసిన మందు ఒంట్లోనే ఉండిపోయి విషంగా మారి రక్తంమీద పడుతుంది. హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఫెర్రస్ రూపం నుంచి ఫెర్రిక్ రూపానికి మారిపోతుంది. అలా మారిన హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు. ఎర్రగా ఉండవలసిన రక్తం గోధుమరంగు తిరుగుతుంది. చిగుళ్ళు మట్టిరంగుకు మారతాయి. ముఖం, పాదాలు ఉబ్బుతాయి. మనం తలనొప్పికి వేసుకొనే 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలు, ఒక పిల్లి ప్రాణం తీయడానికి. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళితే విరుగుడు మందు ఉంది. కాని జ్వరం తగ్గుతుందిలే అని ఎదురుచూస్తూ కూర్చొనేవారికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఆ బిళ్ళ ఇచ్చినవారు కసాయివాళ్ళేం కాదు. తమ బిడ్డకు ఏమిచ్చారో అదే పిల్లికీ ఇచ్చారు. పిల్లి ఒళ్ళు పిల్లిదేనన్న సంగతి ఒక్కటే వారికి తట్టలేదు.

చేపలతొట్టికి కూడా ఇదే గతి పడుతుంది. "వారం వారం నీళ్ళన్నీ పారబోసి, తొట్టినీ గులకరాళ్ళనూ సబ్బుతో తళతళలాడేట్టు కడగండి" అంటారు. మనకు అది శుభ్రం. చేపలకు కాదు. చేప వదిలే వ్యర్థంలో అమ్మోనియా ఉంటుంది. అది విషం. గులకరాళ్ళమీదా, ఫిల్టరులోనూ పెరిగే ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొకరకం నైట్రైట్‌ను అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. మనం సబ్బుతో తోమేసింది ఆ పనివాళ్ళనే! పైగా కుళాయి నీళ్ళలోని క్లోరిన్ ఒకటి. కొద్దికొద్దిగా, నాలుగోవంతు నీటిని మాత్రం మారుస్తూ, క్లోరిన్ పోయిన నీళ్ళే పోయాలి. రెండు మూడు రోజులకు చేప తేలితే "ఈ జాతి చేపలు బతకవండీ" అంటారు. కడిగిన రోజుకూ చేప చచ్చిన రోజుకూ మధ్య ఉన్న ఆ రెండు మూడు రోజులే అసలు కారణాన్ని దాచేశాయి. నా రెండో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

పోయిన సంవత్సరం మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంటింటా తిరిగి జంతువుల పెంపకం గురించి పెద్దలు చెప్పే సలహాలు రాసుకొని రమ్మన్నాను. మంచి కూరే వచ్చింది! అందులో ఒక అమ్మాయి తెచ్చిన సలహామీద తరగతిలో పెద్ద వాదమే జరిగింది. "పిల్లికి పెరుగన్నం చాలు. మా అమ్మమ్మగారి పిల్లి జీవితమంతా అదే తిని నిక్షేపంగా బతికింది" అని ఆ అమ్మాయి అంటుంది. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, "రాత్రిళ్ళు అది అటకమీద ఏం తినేదో మీ అమ్మమ్మ చూసిందా?" అని అడిగాడు. అందరూ నవ్వారుగాని, నేనైతే ఆ ప్రశ్నకు నూటికి నూరు మార్కులూ వేస్తాను.

పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి. కుక్క దీన్ని సాధారణంగా తన ఒంట్లో తయారుచేసుకొంటుంది. పిల్లి చేసుకొనేది చాలదు. మాంసం, చేపలు, ఎలుకలు, వీటిలో టారిన్ ఉంటుంది. అన్నంలో లేదు. పెరుగులో ఉన్నది ఏమూలకూ రాదు. టారిన్ లేకపోతే పిల్లి కంటిలోని రెటీనా పాడవుతుందని 1975లోనూ, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనూ శాస్త్రజ్ఞులు కనుక్కొన్నారు. అంటే ఇది నిన్నమొన్నటి సంగతే. అంత ఆలస్యం ఎందుకైంది? చూపు పోవడానికి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది కనుక. ఇవాళ పెట్టిన పెరుగన్నానికీ, ఏడాది తర్వాత గోడకు గుద్దుకొన్న పిల్లికీ సంబంధం ఉందని ఏ ఇంటివారు మాత్రం పోల్చుకోగలరు? అమ్మమ్మగారి పెంకుటింటి పిల్లి తన టారిన్‌ను తానే వేటాడి తెచ్చుకొనేది. మూడో అంతస్తులో తలుపులు మూసి పెంచే పిల్లికి ఎలుక ఎక్కడ దొరుకుతుంది? సలహా ఊరినుంచి పట్నం వచ్చింది, ఎలుక రాలేదు.

ఉల్లిపాయ సంగతి కూడా వినండి. మన ఇళ్ళలో కుక్కకు వేసేది మిగిలిన అన్నం, సాంబారు, కూర. ఉల్లి, వెల్లుల్లి లేని కూర మనకు అరుదు. వాటిలోని గంధక సమ్మేళనాలు కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా ఈ గుణం పోదు. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి కీడు చేయవచ్చు. మూడు కిలోల పిల్లికి 15 గ్రాములన్నమాట, ఒక చిన్న ఉల్లిపాయలో సగమైనా ఉండదేమో. కుక్కకు ఇంకాస్త ఎక్కువ, కిలోకు 15 నుంచి 30 గ్రాములు పడుతుంది. "మా టామీ పదేళ్ళుగా సాంబారన్నమే తింటోంది, ఏమీ కాలేదు" అనేవారు అబద్ధం చెప్పడం లేదు. పాతిక కిలోల టామీకి రోజూ పడే నాలుగు ఉల్లిముక్కలు ఆ మోతాదును చేరవు. అదే మాట విని అయిదు కిలోల బొచ్చుకుక్కను పెంచేవారు ఉల్లికూర గిన్నె దానిముందు పెడితే లెక్క మారిపోతుంది. రక్తకణాలు విరగడం, కుక్క నీరసించడం, చిగుళ్ళు పాలిపోవడం, మూత్రం ఎర్రబడడం, ఇదంతా కొన్ని రోజులకుగాని బయటపడదు. అప్పటికి ఆ కూర ఎవరికి గుర్తుంటుంది? చాక్‌లెట్ కూడా కుక్కకు విషమే. పుట్టినరోజుల్లో జాగ్రత్త.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సలహా ఒకటి చెబుతాను. "పెంపుడు కుక్క కరిస్తే ఏమీ కాదు. కాస్త కారం అద్దండి, సున్నం పెట్టండి, ఫలానాచోట పసరు పోస్తారు, మా బంధువులు పదిమందికి తగ్గింది." తగ్గింది అంటే ఏమిటి? ఆ పదిమందిని కరిచిన కుక్కలకు అసలు రేబిస్ లేదు. పసరు పోయకపోయినా వాళ్ళకేమీ అయ్యేది కాదు. రేబిస్ ఉన్న కుక్క కరిచిన పదకొండోవాడి సంగతి ఎవరూ పసరు ఖాతాలో రాయరు. ఎందుకంటే, రేబిస్ లక్షణాలు కరిచిన నాడే రావు. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వారానికే రావచ్చు, ఏడాదికి రావచ్చు. అన్నాళ్ళూ మనిషి బాగానే తిరుగుతాడు. పసరు పనిచేసిందనే అందరూ చెప్పుకొంటారు. లక్షణాలు బయటపడ్డాక బతికినవారు దాదాపు లేరనే చెప్పాలి. ఇంత ఆలస్యంగా ఫలితం తెలిసే విషయంలో "మాకు తగ్గింది" అనే మాటకు చిల్లిగవ్వ విలువ లేదు. రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మీ వయసువాళ్ళూ, మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ.

విచిత్రమేమిటంటే, ఆలస్యంగా రావడమే మనకు వరం కూడా. వైరస్ గాయం దగ్గర నుంచి నరాలవెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. అది చేరేలోగా టీకాతో ఒంటిని సిద్ధం చేయవచ్చు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్ అనే పిల్లవాడికి కుక్క కరిచాక టీకా వేయించింది ఈ ధైర్యంతోనే. బొడ్డుచుట్టూ 14 సూదులంటూ మీ ఇంట్లో పెద్దవాళ్ళు భయపెట్టవచ్చు. అది గొర్రె మెదడునుంచి చేసిన పాత టీకా. 2004 చివరికల్లా మన దేశంలో దాని తయారీ ఆగిపోయింది. ఆ సూదులు పోయినా వాటి భయం ఇంకా పోలేదు! ఇప్పటి టీకా చేతికి వేస్తారు. నాలుగైదుసార్లు వెళ్ళాలి, చెప్పిన తేదీలు తప్పకూడదు. రక్తం వచ్చేట్టు కరిస్తే గాయంలో మరో మందు కూడా వేస్తారు. కుక్క కరిచినా, గీరినా ముందు పారే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. తర్వాత ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. దెబ్బలు తినవలసి వస్తుందని ఇంట్లో దాచకండి. ఇక మీ కుక్కకు మూడో నెలలో మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. "గడప దాటని కుక్కకు టీకా ఎందుకు?" అనేవారిని, గడప దాటి లోపలికి వచ్చే వీధికుక్క గురించి అడగండి.

ఇదంతా విని పక్కింటివారితో మాట్లాడడం మానేయకండి. మీరూ సలహాలు చెప్పండి. కాని చెప్పే పద్ధతి మార్చండి. "వామునీళ్ళు పడితే తగ్గుతుంది" అనకుండా, "మా జిమ్మీ ఒక్కదానికి ఒకసారి పట్టాం, మర్నాడు తిన్నది, పట్టకపోయినా తినేదేమో తెలియదు" అనండి. వినడానికి అంత గొప్పగా ఉండదు, నిజమే. కాని వినేవారికి ఆ మాట బరువెంతో తెలుస్తుంది.

పాత నోటుపుస్తకం ఒకటి తీసి దానిమీద మీ జంతువు పేరు రాయండి. తేదీవారీగా ఏం తిన్నది, ఎంత తిన్నది, నీళ్ళు తాగిందా, మలమూత్రాలు ఎలా ఉన్నాయి, ఎవరు ఏ సలహా చెప్పారు, ఏది పాటించారు అని రోజుకు రెండు వాక్యాలు చాలు. టీకా తేదీలు వెనక అట్టలోపల వేయండి. వారం క్రితం ఏం తిన్నదన్నది మన జ్ఞాపకంలో ఉండదు, పుస్తకంలో ఉంటుంది. ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరుగారు మొదట అడిగేవి కూడా ఈ ప్రశ్నలే. కాబట్టి పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. ఏదైనా మాత్ర మింగిందని అనుమానముంటే ఖాళీ అట్టను కూడా పారేయకుండా పట్టుకువెళ్ళండి. మందు పేరూ మోతాదూ దానిమీదే ఉంటాయి.